పెడల్ స్టీల్ గిటార్ ఊచలకి ఏ లోహం కొనాలి, ఎలా చూసి కొనాలి

పాత పెడల్ స్టీల్ గిటార్ ఒకటి మీ చేతికొచ్చింది. తిరగేసి చూస్తే కింద ఊచలు తుప్పు పట్టి ఉన్నాయి, రెండు మూడు వంగిపోయాయి, పెడల్ తొక్కితే ఒకసారి శ్రుతికి వస్తోంది, ఇంకోసారి రావట్లేదు. లేదా మీరే సొంతంగా ఒకటి కట్టుకుంటూ ఊచల దగ్గరకొచ్చి ఆగిపోయారు. ఎవరైనా మొదట అడిగేది ఒకటే: అన్నిటికంటే గట్టి లోహం ఏది? నేనూ అక్కడే మొదలుపెట్టాను. నాలుగు గిటార్లకి ఊచలు మార్చాక తెలిసిందేమిటంటే, గట్టిదనం గురించి బెంగ అక్కర్లేదు, ఈ ఊచలు తెగడమనేది దాదాపు జరగదు. చూడాల్సినవి వేరే: ఊచ తిన్నగా ఉందా, లాగితే ఎంత సాగుతుంది, ఒళ్ళంతా నున్నగా ఉందా, దాని మీద మర (నట్ ఎక్కే స్క్రూ చుట్లు) శుభ్రంగా పడుతుందా.

వాద్యం తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మన గోటువాద్యంలో కర్రముక్కని తీగల మీద జార్చినట్టే ఇందులో బరువైన స్టీల్ బార్‌ని జారుస్తారు. హవాయి నుంచి వచ్చిన పద్ధతి, పాత సినిమా పాటల్లో హవాయన్ గిటార్ విన్నవాళ్ళకి ఆ జారుడు తెలుసు. దానికి కాళ్ళతో తొక్కే పెడల్స్, మోకాళ్ళతో తోసే లీవర్లు తోడయ్యాయి, వాటితో మోగుతున్న తీగ శ్రుతిని అక్కడికక్కడే పెంచొచ్చు, దించొచ్చు. 1950ల నుంచి అమెరికాలోని నాష్‌విల్ కంట్రీ సంగీతానికి ఈ గొంతే గుర్తు. నేనుండేది డాలస్ పక్కన, ఇక్కడ టెక్సస్‌లో దీన్ని వాయించేవాళ్ళు చాలామందే ఉన్నారు, చెడిపోయిన గిటార్లూ దొరుకుతాయి, అలా ఈ పనిలో పడ్డాను.

ముందు ఏ ఊచ గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోండి

ఈ గిటార్‌లో ఊచ అంటే ఒక్కటి కాదు, మూడు రకాలు. పెడల్ నుంచి నిలువుగా పైకి వెళ్ళేది పెడల్ రాడ్. అది గిటార్ కింద అడ్డంగా ఉన్న క్రాస్ షాఫ్ట్‌ని తిప్పుతుంది. ఆ షాఫ్ట్ మీద బిగించిన బెల్ క్రాంక్ అనే చిన్న చేయి నుంచి గిటార్ పొడుగునా చేంజర్ (తీగల శ్రుతి మార్చే భాగం) దాకా వెళ్ళేది పుల్ రాడ్. పుల్ రాడ్ చివర ఒక నైలాన్ నట్ ఉంటుంది, అది చేంజర్‌లో తీగని పట్టుకున్న ఫింగర్ అనే లోహపు ముక్కని లాగుతుంది, తీగ బిగుస్తుంది లేదా వదులవుతుంది. మూడు చోట్లా పని వేరు కాబట్టి మూడింటికీ ఒకే లోహం, ఒకే లావు తీసుకుంటే ఎక్కడో ఒకచోట తప్పుతుంది. పుల్ రాడ్‌లే సంఖ్యలో ఎక్కువ, తలనొప్పీ వాటితోనే ఎక్కువ, అందుకని వాటి గురించే ఎక్కువ చెప్తాను.

ఎన్ని కావాలో లెక్క వేసుకోండి. ఇ9 అనే శ్రుతి అమరిక ఉన్న పది తీగల గిటార్‌కి మూడు పెడల్స్, అయిదు మోకాలి లీవర్లు అనుకుంటే, ఒక్కోటి సాధారణంగా రెండు తీగల్ని కదిలిస్తుంది, అంటే 16 పుల్ రాడ్‌లు. పెడల్స్‌ని ఎ, బి, సి అని పిలుస్తారు. ఎమన్స్ అనే పెడల్ అమరికలో ఎ పెడల్ అయిదో తీగనీ పదో తీగనీ బి స్వరం నుంచి సి షార్ప్ స్వరానికి తీసుకెళ్తుంది, సి పెడల్ కూడా అయిదో తీగని అలాగే పెంచుతుంది, నిలువు మోకాలి లీవర్ ఉంటే అదే తీగని అర స్వరం దించుతుంది. అంటే ఒక్క అయిదో తీగ ఫింగర్‌కే మూడు ఊచలు. ఒకదాన్ని లాగుతుంటే మిగతా రెండూ కదలకుండా ఉండాలి, ఫింగర్ రంధ్రాలు వాటి మీదుగా జారాలి. ఊచ నున్నగా ఉండాలని పట్టుబట్టేది ఇందుకే, గరుకు ఊచ పక్కదాన్ని కూడా ఈడుస్తుంది.

కొలతలు తీయండి

పాత ఊచ విప్పి, తుప్పు లేని చోట వెర్నియర్‌తో కాదు, స్క్రూ గేజ్‌తో కొలవండి. అమెరికా గిటార్లలో ఎక్కువగా కనిపించేవి రెండు లావులు: 3/32 అంగుళం, అంటే 2.38 మిల్లీమీటర్లు, ఇంకోటి 1/8 అంగుళం, అంటే 3.18 మిల్లీమీటర్లు. పాత లావే వాడండి, పెంచొద్దు. లావు ఊచ మంచిదే కదా అనిపిస్తుంది కానీ చేంజర్ రంధ్రాలూ, బెల్ క్రాంక్ దగ్గర ఇత్తడి ముక్కా ఆ లావు కోసమే చేసి ఉంటాయి, వాటిని పెద్దవి చేయడం మొదలుపెడితే ఇక ఆ గిటార్‌కి కంపెనీ భాగాలేవీ సరిపోవు.

పొడవు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. చేంజర్‌కి దగ్గరగా ఉన్న షాఫ్ట్‌వి పొట్టివి, అవతలి చివరవి అరమీటరు దాకా వస్తాయి. ప్రతి ఊచ విప్పేముందు ఫోటో తీసి, దాని మీద కాగితం అంటించి ఏ తీగది, ఏ పెడల్‌ది, బెల్ క్రాంక్‌లో ఎన్నో రంధ్రం, చేంజర్‌లో పై వరసా కింద వరసా అన్నీ రాయండి. నేను మొదటిసారి ఇది చేయలేదు, తిరిగి పెట్టడానికి రెండు వారాంతాలు పట్టింది.

తర్వాత మర. చివర ఎన్ని చుట్లున్నాయో థ్రెడ్ గేజ్ పెట్టి చూడండి. 1/8 అంగుళం ఊచ మీద 5-40 మర అంటే అంగుళానికి 40 చుట్లు, ఒక చుట్టుకి 0.635 మిల్లీమీటర్లు. గేజ్ లేకపోతే పది చుట్ల పొడవు కొలిచి పదితో భాగించండి. పాత నైలాన్ నట్లే మళ్ళీ వాడాలనుకుంటే ఈ మర మారకూడదు. కొత్త నైలాన్ నట్లు వేస్తుంటే మీ ఇష్టం, మెట్రిక్ పెట్టుకోవచ్చు.

ఇప్పుడు అసలు లెక్క

ఇది కొంచెం ఓపికగా చదవండి, లోహం ఎంచుకోవడం అంతా దీని మీదే ఉంది.

ఒక ఊచ మీద పది కిలోల లాగుడు పడుతోందనుకుందాం. తీగ బిగువు 12, 13 కిలోలు ఉంటుంది, చేంజర్ దాన్ని తగ్గించి ఊచకి ఇస్తుంది కాబట్టి పది అనేది కాస్త ఎక్కువే వేసుకున్నాను. 2.4 మిల్లీమీటర్ల ఊచ కోత వైశాల్యం సుమారు 4.5 చదరపు మిల్లీమీటర్లు. 304 అనే రకం స్టెయిన్‌లెస్ ఊచ, అదీ మెత్తబరిచింది అయినా సరే శాశ్వతంగా సాగిపోవాలంటే దాని మీద 90 కిలోల పైన పడాలి. మనం వేసేది పది. అందుకే గట్టిదనం గురించి బెంగ వద్దన్నాను.

కానీ ఆ పది కిలోలకే, అరమీటరు పొడవులో, ఏది ఎంత సాగుతుందో చూడండి. స్టెయిన్‌లెస్ సుమారు 0.06 మిల్లీమీటర్లు, మామూలు ఉక్కు దానికన్నా వెంట్రుకవాసి తక్కువ, టైటానియం 0.1, ఇత్తడి 0.11, అల్యూమినియం 0.16. ఇవన్నీ చిన్న అంకెలేగా అనకండి. అయిదో తీగని బి నుంచి సి షార్ప్‌కి పెంచడానికి ఆ తీగ చేంజర్ దగ్గర కదిలేదే సుమారు 0.65 మిల్లీమీటర్లు. చేంజర్ నిష్పత్తి రెండుకి ఒకటి అనుకుంటే ఊచ కదిలేది 1.3. అందులో 0.06 అంటే నూటికి 5 లోపు, 0.16 అంటే నూటికి 12.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఊచ ప్రతిసారీ ఒకేలా సాగితే నైలాన్ నట్ ఇంకో పావు చుట్టు తిప్పి దాన్ని సర్దేయొచ్చు, ఒక పెడల్ మట్టుకు శ్రుతి తప్పదు. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, ఎ పెడల్‌నీ దించే లీవర్‌నీ కలిపి వాడి అయిదో తీగని మధ్య స్వరంలో నిలబెట్టేటప్పుడు. అక్కడ రెండు ఊచల మీదా బరువు మారుతుంది, సాగేది మారుతుంది, విడివిడిగా సరిగ్గా ఉన్నవి కలిపితే తప్పుతాయి. కాలికి కూడా తెలుస్తుంది, అల్యూమినియం ఊచ ఉన్న పెడల్ చివర్లో మెత్తగా, దిండు మీద కాలు పెట్టినట్టుంటుంది. ఫెండర్ 1957లో తెచ్చిన 1000 గిటార్‌లో ఊచల బదులు ఉక్కు కేబుళ్ళు పెట్టారు, అవి వాయించినవాళ్ళకి ఈ మెత్తదనం తెలుసు.

ఇప్పుడు దీనికన్నా ముఖ్యమైన లెక్క, నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది ఇదే. అరమీటరు ఊచ మధ్యలో అయిదు మిల్లీమీటర్లు వంగి ఉందనుకోండి, కంటికి పెద్దగా కనిపించని వంపు. పెడల్ తొక్కితే ముందు ఆ వంపు తిన్నగా అవుతుంది, తర్వాతే తీగ కదులుతుంది. అలా తిన్నగా అవడంలో పోయేది సుమారు 0.13 మిల్లీమీటర్లు, అంటే స్టెయిన్‌లెస్ సాగే దానికి రెండింతలు. ఎంత ఖరీదైన లోహం కొన్నా వంకరగా ఉంటే తిన్నటి ఇత్తడి ఊచకన్నా అధ్వాన్నం. పైగా ఆ వంపు పక్క ఊచకి తగులుతుంది, ఒకసారి రాసుకుంటుంది, ఒకసారి రాసుకోదు, అందుకే శ్రుతి ఒకసారి వచ్చి ఒకసారి రాదు. సాగడాన్ని నట్‌తో సర్దొచ్చు, రాపిడిని సర్దలేం.

ఊచని లాగడమే గానీ నెట్టకూడదు అనేది కూడా గుర్తుంచుకోండి. 2.38 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ ఊచ అరమీటరు పొడవుంటే, నెట్టినప్పుడు కేవలం కిలోంబావు బరువుకే విల్లులా వంగుతుంది. 1/8 అంగుళం అయితే నాలుగు కిలోల దాకా ఆగుతుంది. 1960ల నాటి ఎమన్స్ పుష్-పుల్ లాంటి గిటార్లలో శ్రుతి దించడానికి ఊచ నెడుతుంది, అలాంటిది బాగుచేస్తుంటే లావు విషయంలో పిసరంత కూడా తగ్గొద్దు.

లోహాలు ఒక్కొక్కటిగా

స్టెయిన్‌లెస్ 304: పుల్ రాడ్‌కి నా మొదటి ఎంపిక. తుప్పు పట్టదు, సాగేది తక్కువ, పాలిష్ చేసిన ఊచ నైలాన్‌లో, అల్యూమినియం రంధ్రాల్లో బాగా జారుతుంది. ఇబ్బంది ఒక్కటే, మర వేసేటప్పుడు మొండికేస్తుంది. మర కోసే పనిముట్టు, అంటే డై, మొద్దుబారి ఉంటే కోయకుండా రుద్దుతుంది, రుద్దిన కొద్దీ లోహం ఇంకా గట్టిపడుతుంది, చివరికి డై పళ్ళు పోతాయి.

303: 304 లాంటిదే, అందులో గంధకం కలిపారు, అందుకని లేత్ మీద వెన్నలా తెగుతుంది, మర అందంగా పడుతుంది. తుప్పుని ఆపడంలో కొంచెం తక్కువ. సొంతంగా గిటార్ కడుతూ 30, 40 ఊచలకి మర వేయాల్సినవాళ్ళు దొరికితే ఇదే తీసుకోండి. చివర కొక్కెంలా వంచే రకం గిటార్ అయితే మాత్రం 304 మేలు, 303 వంచితే పగిలే అవకాశం ఎక్కువ.

316: విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్ళో ఉంటే, లేదా మీ చేతి చెమటకి తీగలు వారానికే నల్లబడే రకమైతే. మిగతావాళ్ళకి అదనపు డబ్బు పెట్టాల్సిన పని లేదు.

పియానో వైర్, అంటే స్ప్రింగ్ స్టీల్: తిన్నటి కడ్డీలుగా దొరికితే చూడ్డానికి చాలా ఆశగా ఉంటుంది. కానీ మామూలు డైతో మర వేయలేరు, మూల పదునుగా వంచబోతే విరగొచ్చు, తుప్పు పడుతుంది. దాని అపారమైన గట్టిదనం మనకి అవసరమే లేదు. వదిలేయండి.

బ్రైట్ బార్ మైల్డ్ స్టీల్: చవక, మర సులువు, సాగేది తక్కువ. వేడికి వ్యాకోచించడంలో నిజానికి స్టెయిన్‌లెస్ కన్నా ఇదే నయం. పది డిగ్రీలు పెరిగితే అరమీటరుకి స్టెయిన్‌లెస్ 0.087 మిల్లీమీటర్లు పెరుగుతుంది, ఇది 0.06. గిటార్ ఒళ్ళు మేపుల్ చెక్క, నార వెంట దాని పెరుగుదల చాలా తక్కువ, కాబట్టి ఆ తేడా శ్రుతిలో కొన్ని సెంట్లుగా (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు) కనిపిస్తుంది. ఏసీ గదిలో శ్రుతి చేసి జూలై ఎండలో బయట వేదిక మీద కూర్చుంటే పెడల్ స్వరాలు ఎందుకు తగ్గాయో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది, మిగతాది తీగలు వేడెక్కడం వల్ల. అయినా సరే పుల్ రాడ్‌కి దీన్ని వాడను. మెరుగు పోయి తుప్పు మొదలైతే ఊచ గరుకవుతుంది, గరుకైతే మొత్తం పాడు.

ఇత్తడి: పాత గిటార్లలో చిన్న ముక్కలకి ఇత్తడి బాగుంటుంది, ఊచకి వద్దు. మెత్తన, సెట్ స్క్రూ బిగిస్తే గుంట పడుతుంది, కేసులో పెట్టేటప్పుడు చేయి తగిలినా వంగుతుంది.

టైటానియం, కార్బన్ ఫైబర్ అంటూ బరువు తగ్గించుకోవాలనుకునేవాళ్ళు ఒకసారి తూచి చూడండి. 45 సెంటీమీటర్ల స్టెయిన్‌లెస్ ఊచ ఒకటి 16 గ్రాములు, పదహారూ కలిపి పావుకిలో. టైటానియం పెడితే మిగిలేది వంద గ్రాముల చిల్లర. గిటార్ ఎలాగూ పది కిలోల పైమాటే. ఆ వందకోసం సాగేదాన్ని దాదాపు రెండింతలు చేసుకోవడం నాకు నచ్చదు. కార్బన్ ఫైబర్ మీద మర వేయలేం, చివర్లకి లోహపు ముక్కలు అంటించాలి, ఆ అంటు ఊడితే పాట మధ్యలో ఊడుతుంది.

ఎక్కడ కొనాలి, ఎలా పరీక్షించాలి

అందరికీ చెప్పే కిటుకు: టిగ్ వెల్డింగ్ ఫిల్లర్ రాడ్. 308ఎల్ అనే స్టెయిన్‌లెస్ ఫిల్లర్ కూర్పులో 304కి చాలా దగ్గర. మన దగ్గర 2.4 మిల్లీమీటర్ల లావులో మీటరు పొడవు కడ్డీలు వస్తాయి, అమెరికాలో 3/32 అంగుళం పేరుతో 36 అంగుళాలవి, రెండూ దాదాపు ఒకే లావు. కిలోకి 28 దాకా వస్తాయి, ఒక గిటార్‌కి సరిపోగా సగం పైన మిగులుతాయి. చాలావాటికి చివర గ్రేడ్ ముద్ర కొట్టి ఉంటుంది, అదొక ధైర్యం. ముద్ర కొట్టిన చోట ఊచ అణిగి ఉంటుంది కాబట్టి ఆ చివర కోసి పారేయండి. రాగి పూత ఉన్న ఎర్రటివి తీసుకోవద్దు, అవి మైల్డ్ స్టీల్ ఫిల్లర్లు, పూత పోగానే తుప్పు.

మామూలు ఎస్ఎస్ రాడ్ కొనేటప్పుడు గ్రేడ్ విషయంలో జాగ్రత్త. ఒకసారి హైదరాబాద్ వచ్చినప్పుడు బాలానగర్ వైపు ఒక దుకాణంలో 304 అని చెప్పి ఇచ్చిన ఊచలు తెచ్చుకున్నాను, రెండేళ్ళకి ఎర్రటి మచ్చలు పడ్డాయి, అది 202 అని తర్వాత తేలింది. 202లో నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచుతారు, చూడ్డానికి అచ్చం 304లాగే మెరుస్తుంది. అయస్కాంతం పెట్టి చూడండి అని ఎవరైనా చెప్తే నమ్మకండి, మెత్తబరిచిన 202 కూడా అయస్కాంతానికి అంటదు, మరోవైపు చల్లగా లాగి సన్నబరిచిన అసలైన 304 కొంచెం అంటుకుంటుంది. బిల్లు మీద గ్రేడ్ రాయించుకోండి, టెస్ట్ సర్టిఫికెట్ అడగండి, లేదా స్టెయిన్‌లెస్ రకం తేల్చే పరీక్ష ద్రావణం చుక్క వేసి చూడమనండి.

తిన్నదనం పరీక్ష దుకాణంలోనే చేయొచ్చు. అద్దం పలకో, గ్రానైట్ బండో దొరికితే దాని మీద ఊచని వేళ్ళతో దొర్లించండి. తిన్నటిది ఒకే చప్పుడుతో సాఫీగా దొర్లుతుంది, వంకరది టకటకమంటూ కింద వెలుతురు చూపిస్తుంది. పొడుగునా ఒకే వంపు ఉంటే చేత్తో సరిచేయొచ్చు. ఒక్కచోట మడత పడినట్టు ఉంటే ఆ ఊచ తీసుకోకండి, మడతని ఎంత సరిచేసినా దాని పక్కన ఇంకో చిన్న మడత మిగులుతుంది. చుట్టగా చుట్టిన తీగ కొని తిన్నగా చేసుకుందాం అనే ఆలోచన పుల్ రాడ్‌లకి అస్సలు పెట్టుకోవద్దు.

కోయడం, మర వేయడం

కట్టర్‌తో కొరికి తుంచకండి, చివర నలిగిపోతుంది. సన్నపళ్ళ హాక్సా బ్లేడుతోనో కటింగ్ డిస్క్‌తోనో కోసి, చివరని ఆకురాయితో పెన్సిల్ మొనలా కొద్దిగా ఏటవాలు చేయండి. కావాల్సిన దానికన్నా ఒక సెంటీమీటరు పొడుగే ఉంచుకోండి, తర్వాత తగ్గించొచ్చు.

2.4 ఊచకి ఎం2.5 (2.5 మిల్లీమీటర్ల మెట్రిక్ మర) డై చక్కగా సరిపోతుంది, లావు తగ్గించాల్సిన పనే లేదు. 3 మిల్లీమీటర్ల ఊచకి ఎం3 అయితే ముందు మర వేయబోయే మేర ఎమరీతో 2.95 దాకా దించండి, లేకపోతే 304 మీద డై బిగుసుకుపోతుంది. డై హెచ్‌ఎస్ఎస్‌ది (హై స్పీడ్ స్టీల్), కొత్తది అయ్యుండాలి. కటింగ్ ఆయిల్ ధారాళంగా పోయండి, తలుపుల కీళ్ళకి కొట్టే పల్చటి స్ప్రేలు దీనికి పనికిరావు. మొదలుపెట్టాక సంకోచించకుండా నొక్కి తిప్పండి, అర చుట్టు ముందుకి, పావు వెనక్కి, చిప్ తెగేలా. లేత్ దొరికితే డైని టెయిల్‌స్టాక్‌లో పట్టించి చేతితో చక్ తిప్పడం అన్నిటికన్నా మంచిది, మర పక్కకి పోదు. చేత్తో వేసి పక్కకి పోతే నైలాన్ నట్ తాగినవాడిలా ఊగుతూ తిరుగుతుంది, ఆ ఊచని మళ్ళీ వేయాల్సిందే.

మర పడ్డాక వైర్ బ్రష్‌తో గట్టిగా తోమండి. డై వదిలిన సన్నటి ముళ్ళు నైలాన్‌ని తినేస్తాయి, నట్ వదులైపోతే ప్రతి పాటకీ శ్రుతి జారుతుంది. నట్ ఊచ మీద వేళ్ళతో తిప్పితే బిగువుగా తిరగాలి, జారకూడదు. నా రెండుకి ఒకటి లెక్కలో 5-40 మర మీద ఒక పూర్తి చుట్టు అయిదో తీగని సుమారు అర స్వరం కదుపుతుంది, ఎం2.5 అయితే ఒక చుట్టు 0.45 మిల్లీమీటర్లే కాబట్టి ఇంకా సున్నితంగా శ్రుతి చేసుకోవచ్చు.

బెల్ క్రాంక్ వైపు రెండు పద్ధతులున్నాయి. సెట్ స్క్రూ రకం అయితే స్క్రూ కూర్చునే చోట ఆకురాయితో చిన్న చదును చేయండి, లేకపోతే గుండ్రటి స్టెయిన్‌లెస్ మీద స్క్రూ మెల్లగా జారుతుంది. కొక్కెం రకం అయితే వంపు మూల లోపల కనీసం ఊచ లావంత గుండ్రం ఉండేలా వంచండి, ఏదైనా డ్రిల్ బిట్ కాడ చుట్టూ వంచితే సరి. వైస్ దవడల పదును పడి గీత పడితే విరిగేది అక్కడే. ఒకసారి వంచింది మళ్ళీ తెరిచి వంచొద్దు, 304 మొదటి వంపుకే గట్టిపడిపోతుంది.

క్రాస్ షాఫ్ట్, పెడల్ రాడ్

ఊచలు మార్చినా కాలికి మెత్తగానే ఉందంటే చూడాల్సింది క్రాస్ షాఫ్ట్. పుల్ రాడ్ సాగేదానికన్నా షాఫ్ట్ మెలి తిరగడం వల్ల పోయేదే ఎక్కువ ఉండొచ్చు. 8 మిల్లీమీటర్ల ఉక్కు షాఫ్ట్, 20 సెంటీమీటర్ల పొడవు, పది కిలోల బరువు రెండు సెంటీమీటర్ల చేయి మీద పడితే, మెలిక వల్ల 15 మిల్లీమీటర్ల బెల్ క్రాంక్ చివర పోయేది సుమారు 0.19 మిల్లీమీటర్లు. అదే 10 మిల్లీమీటర్ల షాఫ్ట్ అయితే 0.08. అల్యూమినియం 8 అయితే 0.57, అంటే వాడుకోలేనంత. ఇక్కడ లావు పెంచితే లాభం ఎక్కువ, మెలికకి నిలబడే శక్తి లావుతో నాలుగో ఘాతంలో పెరుగుతుంది. సొంతంగా కట్టేవాళ్ళు ఇక్కడ మాత్రం పిసినారితనం చేయకండి, ఉక్కే పెట్టండి, గుండ్రం కన్నా ఆరు పలకలదో నాలుగు పలకలదో అయితే బెల్ క్రాంక్ జారదు. ఇత్తడిలోనో నైలాన్‌లోనో తిరిగే చివర్లని మాత్రం లేత్ మీద నున్నగా గుండ్రం చేయించండి.

పెడల్ రాడ్ సంగతి తేలిక. 4 నుంచి 5 మిల్లీమీటర్ల 304 తీసుకుంటే చాలు, ఇక్కడ పొడవు తక్కువ, లావు ఎక్కువ, సాగడం లెక్కలోకి రాదు. ప్రతి ప్రోగ్రామ్‌కీ విప్పి పెట్టే భాగం కాబట్టి కొక్కేలు, బాల్ జాయింట్లు అరగకుండా ఉన్నాయో లేదో చూసుకోండి.

పెట్టాక పరీక్ష

నైలాన్ నట్ వేయకుండానే ముందు ఊచని చేంజర్ రంధ్రంలో వేలితో ముందుకీ వెనక్కీ జరపండి. దాని బరువుకే జారాలి. ఎక్కడైనా పట్టేస్తే ఊచని కాదు, దారిని చూడండి, పక్క ఊచకో షాఫ్ట్‌కో తగులుతూ ఉంటుంది, బెల్ క్రాంక్‌ని షాఫ్ట్ మీద కొంచెం పక్కకి జరిపితే పోతుంది. రెండు ఊచలు దగ్గరగా వెళ్ళే చోట ఒకదానికి హీట్ ష్రింక్ గొట్టం తొడిగితే గలగల శబ్దం ఉండదు. రంధ్రాల దగ్గర కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క చాలు, ఎక్కువైతే దుమ్ము పట్టి ముద్దవుతుంది.

అన్నీ బిగించాక ట్యూనర్ పెట్టి అయిదో తీగ మీటండి. పెడల్ తొక్కి వదిలి, మళ్ళీ తొక్కి వదిలి, పదిసార్లు చేస్తూ తొక్కినప్పటి స్వరం, వదిలినప్పటి స్వరం రెండూ రాసుకోండి. మెల్లగా వదిలినా ఠక్కున వదిలినా ఒకే చోటికి రావాలి. రెండిటికీ తేడా వస్తే అది రాపిడి. పెడల్ తొక్కినప్పుడు తొక్కని తీగలు కూడా రెండు మూడు సెంట్లు దిగితే మాత్రం ఊచల్ని తిట్టకండి, అది గిటార్ ఒళ్ళే కాస్త వంగడం, ఏ లోహం మార్చినా పోదు.

మిగిలిన ఫిల్లర్ కడ్డీల్లో రెండింటికి మర వేసి, అన్నిటికన్నా పొడుగు ఊచ కొలతకి కోసి, ఒక పైపులో పెట్టి కేసులో పడేయండి. ఊచల పొడవులు, ఏ రంధ్రంలో ఏది ఉందో రాసిన కాగితం కూడా అందులోనే చుట్టి పెట్టండి.